ఆర్‌ఎక్స్-7 కొంటున్నారా? ముందు కంప్రెషన్, బూస్ట్ సంగతి తర్వాత

అమెరికాలో ఉంటూ పాత మాజ్డా ఆర్‌ఎక్స్-7 ఎఫ్‌డీ (పిస్టన్లకి బదులు తిరిగే రోటర్లుండే రోటరీ ఇంజన్, రెండు టర్బోలు ఉన్న మూడో తరం స్పోర్ట్స్ కారు) మీద మనసు పడ్డ మనవాళ్ళకే ఇది. ఇండియాలో ఉన్నవాళ్ళు ఆశ వదులుకోండి, మూడేళ్ళు దాటిన సెకండ్‌హ్యాండ్ బండిని అక్కడికి రానివ్వరు. ఇక్కడ అమ్మింది 1993 నుంచి 95 మోడళ్ళే, లేదంటే 25 ఏళ్ళు నిండిన జపాన్ బండి దిగుమతి చేసుకోవాలి.

చూడ్డానికి వెళ్ళేముందు ఓనర్‌కి చెప్పండి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే అనుమానించాల్సిందే. చల్లటి ఇంజన్ మొదట్లో కాసేపు 3000 ఆర్‌పీఎం దగ్గర అరుస్తుంది, అది మామూలే. తెల్ల పొగ ఎంతకీ తగ్గక తియ్యటి వాసన కూడా వస్తుంటే మాత్రం కూలెంట్ సీల్ (చల్లబరిచే ద్రవం ఇంజన్ లోపలికి రాకుండా ఆపేది) పోయుంటుంది, థాంక్స్ చెప్పి వచ్చేయండి.

అసలు పరీక్ష కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతుందో చూడటం. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు కాబట్టి మామూలు గేజ్ చాలదు, రోటరీ టెస్టర్ ఉన్న షాపుకే తీసుకెళ్ళాలి, వేడి ఇంజన్ మీద రెండు రోటర్లకి కలిపి మొత్తం ఆరు నంబర్లు రావాలి. నేనైతే ఆరూ 100 పీఎస్ఐ పైన, దగ్గరదగ్గరగా ఉంటేనే మాట్లాడతా. ఒక రోటర్‌లో రెండు పడిపోయి ఒక్కటే బాగుంటే రోటర్ మూలన ఉండే ఎపెక్స్ సీల్ మీద అనుమానం, ఆ సీల్ రెండు ఛాంబర్ల మధ్య గోడ లాంటిది కదా. మొదటిసారి నేను మామూలు గేజ్‌లో చూపించిన నంబర్ నమ్మి కొనేశా, నాలుగు నెలలకి ఇంజన్ కిందకి దింపాం, మా ఆవిడ ఇప్పటికీ పండక్కోసారి గుర్తుచేస్తుంది.

తర్వాత బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) గేజ్ తగిలించి మూడో గేర్‌లో లాగండి. మొదటి టర్బో 10 పీఎస్ఐ ఇస్తుంది, 4500 ఆర్‌పీఎం దగ్గర రెండోది అందుకునేటప్పుడు 8కి పడి మళ్ళీ 10కి రావాలి. అలా రాకపోతే టర్బోలు పోయాయని కంగారొద్దు, చాలాసార్లు టర్బోల్ని కంట్రోల్ చేసే వాక్యూమ్ గొట్టాలు వేడికి గట్టిపడటమే కారణం. అది చూపించి బేరమాడండి, కొన్నాక అన్నీ సిలికాన్‌వి వేయించండి.

మోడ్స్ (బండిలో చేయించే మార్పులు) అంటే అందరూ బూస్ట్ వైపు పరిగెడతారు గానీ ఈ బండికి శత్రువు వేడి. కూలెంట్‌లో గాలి వేరుచేసే ప్లాస్టిక్ డబ్బా పగులుతుంది, అది అల్యూమినియంది వేసి, పెద్ద రేడియేటర్, విడిగా టెంపరేచర్ గేజ్ పెట్టండి, ఎందుకంటే డ్యాష్‌లో ముల్లు హాయిగా మధ్యలోనే కూర్చుంటుంది, అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది.

ఎగ్జాస్ట్‌లో పొగకి ఉన్న అడ్డంతా తీసి ఫ్రీ చేస్తే బూస్ట్ తనంతట తనే పెరిగిపోతుంది, ఫ్యూయెల్ చాలక డెటొనేషన్ (లోపల అదుపు తప్పి పేలడం) వచ్చిందా సీల్స్ గోవిందా. కాబట్టి ముందు ట్యూన్ చేసిన ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), ఫ్యూయెల్ పంప్, ఆ తర్వాతే ఎగ్జాస్ట్, అదీ మీ స్టేట్ ఎమిషన్ రూల్స్ చూసుకుని.

సీల్స్ అరక్కుండా పెట్రోల్‌లో కొంచెం టూ స్ట్రోక్ ఆయిల్ కలిపేవాళ్ళున్నారు, నేనూ కలుపుతా, అచ్చం మన పాత చేతక్ స్కూటర్‌కి బంకులో పోయించినట్టే. ఇంకోటి, డ్రైవ్‌వేలో అటు నుంచి ఇటు జరపడానికి చల్లగా స్టార్ట్ చేసి వెంటనే ఆపేయకండి, లోపల పెట్రోల్ ఎక్కువై (ఫ్లడ్ అయి) మళ్ళీ స్టార్ట్ కాదు, చేత్తో తోసేయండి.