మన పాటలు మన దగ్గరే – నాలుగవ పాఠం: ఫైలు లోపల పేరు రాయడం

కిందటి పాఠంలో ఇంట్లోని ఆడియో సీడీలను ఫ్లాక్ (ధ్వనిలో ఏమీ పోకుండా దాచే ఫైలు పద్ధతి) ఫైళ్లుగా కంప్యూటరులోకి ఎక్కించుకోవడం నేర్చుకున్నాము. ఆ పని పూర్తి చేసినవారి దగ్గర ఈపాటికి ఒక్కొక్క సీడీకి ఒక ఫోల్డరు, ప్రతి ఫోల్డరులోనూ ట్రాక్ 01, ట్రాక్ 02 అనే పేర్లతో ఫైళ్లు ఉంటాయి. ధ్వని విషయంలో వాటికి ఏ లోటూ లేదు. అయితే ఆ పాట ఏదో, ఎవరు పాడారో, ఏ రాగమో తెలిపే మాట ఒక్కటి కూడా ఆ ఫైలులో లేదు. ఆ మాటలను ఫైలు లోపల రాసుకోవడమే నేటి పాఠం. ఇలా రాసుకునే వివరాలనే ట్యాగులు అంటారు.

ఈ పని వాయిదా వేయవద్దని గట్టిగా చెప్పడానికి నాకొక కారణం ఉన్నది. కొన్నేళ్ల కిందట తిరుపతిలో మా ఇంట్లో ఉన్న 38 సీడీలను ఎంతో ఓపికగా ఎక్కించి, ట్యాగుల సంగతి తరువాత చూసుకోవచ్చునని వదిలేశాను. చిత్తూరు ప్రయాణానికి పెన్‌డ్రైవు సిద్ధం చేస్తూ, అన్ని ఫోల్డర్లలోని ఫైళ్లనూ ఒకే చోటికి తరలించాను. ఇదే పేరుతో ఫైలు ఇదివరకే ఉన్నది, దాని స్థానంలో దీనిని పెట్టమంటారా అని కంప్యూటరు అడిగితే, చదవకుండానే సరే అన్నాను. మా సీడీలలో అన్నిటికన్నా పెద్దదానిలో 14 పాటలు ఉండేవి. కాబట్టి 38 సీడీల పాటలలో చివరికి మిగిలినవి 14 ఫైళ్లు. మరునాడు కారులో పాకాల దాటుతూ ఉండగా మా మేనమామ "అబ్బయ్యా, ఇది ఎవురు పాడింది?" అని అడిగాడు. స్టీరియో తెరపై ట్రాక్ 06 అని మాత్రమే ఉన్నది, నేను చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి అన్నింటినీ మళ్లీ ఎక్కించాను గాని, అప్పటికే గీతలు పడిన మూడు సీడీలు రెండోసారి పూర్తిగా చదవడానికి రాలేదు.

అసలు సీడీలోనే పాట పేరు ఉండాలి కదా అని మీకు అనిపించవచ్చు. 1980లో ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన ఆడియో సీడీ ప్రమాణంలో సెకనుకు 44,100 నమూనాల చొప్పున ధ్వని, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఒక విషయసూచిక మాత్రమే ఉంటాయి. పేర్లు రాసే సౌకర్యం తరువాత వచ్చినా, దానిని వాడిన సీడీలు తక్కువ. విషయసూచికలో సెకనును 75 భాగాలు చేసి పాట మొదలయ్యే చోటును గుర్తిస్తారు. ఇన్ని పాటలు కచ్చితంగా ఆ స్థానాలలోనే మొదలయ్యే మరొక సీడీ దొరకడం చాలా అరుదు కనుక, ఆ అంకెల వరుసే సీడీకి వేలిముద్ర వంటిది. ఈ వేలిముద్రకు ఎదురుగా పాటల పేర్లు రాసిపెట్టుకున్న పట్టిక ఎక్కడైనా ఉంటే, సీడీ పెట్టగానే పేర్లన్నీ వచ్చేస్తాయి.

అటువంటి పట్టిక 1993లో సీడీడీబీ అన్న పేరుతో మొదలయింది. లోకమంతటా శ్రోతలు తమ సీడీల వివరాలను టైపు చేసి దానికి ఉచితంగా పంపారు. కొన్నేళ్లకు అది వ్యాపార సంస్థ చేతికి వెళ్లి, దానిని వాడుకోవడానికి షరతులు వచ్చాయి. పదిమందీ కలిసి రాసినది పదిమందికీ అందుబాటులో ఉండాలన్న పట్టుదలతో పుట్టిన ప్రయత్నాలలో మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఒకటి. ఇప్పుడు దానిని లాభాపేక్ష లేని సంస్థ నడుపుతున్నది. అందులోని ముఖ్యమైన సమాచారాన్ని ఎవరైనా మొత్తంగా దింపుకొని ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు. దానికి తోడుగా ఉన్న పికార్డ్ అనే సాఫ్ట్‌వేరే నేటి మన పనిముట్టు. ఇది జీపీఎల్ లైసెన్సు కింద వచ్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే దీనిని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక ఫోల్డరుకు వేరే చోట నకలు తీసి పెట్టుకొని, ఆ నకలు మీదే సాధన చేయండి. పికార్డ్ తెరిచాక ఫోల్డరును లాగి ఎడమ పక్కన వదిలితే ఫైళ్లు అక్కడ చేరుతాయి. సీడీ ఇంకా మీ దగ్గరే ఉంటే డ్రైవులో పెట్టి 'లుకప్ సీడీ' నొక్కండి. పట్టికలో ఆ సీడీ ఉంటే కుడి పక్కన ఆల్బమ్ పేరు, దాని కింద పాటల వరుస కనిపిస్తాయి. ఎడమ పక్కనున్న ఫైళ్లన్నింటినీ ఎంచి ఆ ఆల్బమ్ మీదికి లాగి వదలండి. ప్రతి పాట పక్కనా చిన్న రంగు గుర్తు వస్తుంది: ఆకుపచ్చ అయితే బాగా సరిపోయినట్టు, ఎరుపు వైపు వెళ్లేకొద్దీ అనుమానించాలి. పాటను ఎంచితే కింది భాగంలో పాత వివరం, రాయబోయే వివరం పక్కపక్కన చూపిస్తుంది. ఆ రెండింటినీ చదివి, సరిగా ఉన్నాయని నిశ్చయించుకున్న తరువాతే 'సేవ్' నొక్కాలి.

సీడీ లేకుండా ఫైలు మాత్రమే ఉన్నవారికి 'స్కాన్' అనే మరొక దారి ఉన్నది. పికార్డ్ పాటలోని మొదటి రెండు నిమిషాల ధ్వనిని విని దాని స్వభావాన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెలతో వెదుకుతుంది. పాటను ఎక్కడికీ పంపదు. అయితే ఒకే రికార్డింగు పది సంకలనాలలో చేరి ఉంటుంది కనుక, స్కాన్ చేస్తే మీ ఒక్క సీడీలోని పాటలు నాలుగైదు వేర్వేరు ఆల్బమ్‌ల కిందికి చెదిరిపోవచ్చు. భక్తి పాటల సంకలనాల విషయంలో ఇది తరచుగా జరుగుతుంది. అప్పుడు కంగారు పడకుండా, మీ దగ్గరున్న అట్ట మీది పేరుతో సరిపోయే ఆల్బమ్‌ను వెదికి, పాటలను చేత్తో అందులోకి లాగండి. మన తెలుగు సీడీలలో కొన్ని ఆ పట్టికలో అసలు కనిపించవు. అటువంటప్పుడు కింది భాగంలో మీరే టైపు చేయాలి. ఓపిక ఉంటే ఉచిత ఖాతా తెరిచి, అట్ట మీద ఏ లిపిలో ఎలా ముద్రించారో అలాగే ఆ సీడీ వివరాలను మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో చేర్చండి. తరువాత అదే సీడీ పెట్టేవారికి ఆ శ్రమ తప్పుతుంది.

ఇక ఏ గడిలో ఏమి రాయాలన్నది చూద్దాము. పాట పేరు, ఆల్బమ్, సంవత్సరం గురించి చెప్పవలసినది పెద్దగా లేదు. చిక్కంతా కర్తల దగ్గర వస్తుంది. పాడినవారిని 'ఆర్టిస్ట్' గడిలోనూ, సాహిత్యం రాసినవారిని 'లిరిసిస్ట్' గడిలోనూ, బాణీ కట్టినవారిని 'కంపోజర్' గడిలోనూ రాయాలి. త్యాగరాజస్వామి కృతికి చివరి రెండు గడులలోనూ ఒకే పేరు వస్తుంది. అన్నమయ్య కీర్తనకు అలా రాయడం తప్పవుతుంది. ఎందుకో తిరుపతివాసులకు వేరే చెప్పనక్కరలేదు గాని, కొత్తవారి కోసం చెబుతాను. తాళ్లపాక వారి సంకీర్తనలు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో రాగిరేకుల మీద శతాబ్దాల పాటు భద్రంగా ఉన్నాయి. రేకుల మీద సాహిత్యం ఉన్నది, కీర్తనకు రాగం పేరు కూడా ఉన్నది. స్వరం మాత్రం లేదు. అందువల్ల ఆ బాణీలు కాలగర్భంలో కలిసిపోగా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరాలు కూర్చారు. కాబట్టి లిరిసిస్ట్ గడిలో అన్నమాచార్యుల పేరు, కంపోజర్ గడిలో స్వరపరచినవారి పేరు ఉండడమే న్యాయం. అట్ట మీద స్వరకర్త పేరు లేకపోతే ఆ గడిని ఖాళీగా వదలండి, ఊహించి నింపవద్దు.

ఆ రేకులు చెక్కినవారు రాగం పేరును విడిగా పుస్తకంలో రాసుకొని ఉంటే, పుస్తకం పోయిన రోజున రాగమూ పోయేది. కీర్తన పక్కనే చెక్కారు కనుక నిలిచింది. మీరు ఏదో ఒక ఫోన్ యాప్‌లో పాటలను రాగాల వారీగా జాబితాలు చేసుకుంటే, ఆ వివరం యాప్‌లోనే ఉంటుంది; యాప్ మారిన రోజున పాట మళ్లీ పేరులేనిదవుతుంది. ట్యాగులో రాస్తే ఫైలు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంట వెళ్తుంది. ఫ్లాక్ ఫైలులో రాగానికి సిద్ధంగా ఉన్న గడి లేకపోయినా, మనమే కొత్త గడి చేర్చుకోవచ్చు. పికార్డ్ కింది భాగంలో మౌసు కుడి బటను నొక్కి, కొత్త ట్యాగు చేర్చే వరుసను ఎంచుకోండి. గడి పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఉండాలి, లోపలి విలువ మాత్రం తెలుగులో నిశ్చింతగా రాయవచ్చు. ఒకే గడికి ఎన్ని విలువలైనా ఇవ్వవచ్చు కనుక, రాగమాలికకు ఒక్కొక్క రాగాన్నీ విడివిడిగా చేర్చండి, కామాలు పెట్టి ఒకే వరుసలో కుక్కవద్దు. ఒకచోట హిందోళం, మరొకచోట హిందోళ అని రాస్తే కంప్యూటరు వాటిని రెండు రాగాలుగా లెక్కిస్తుంది. ఏదో ఒక రూపానికి కట్టుబడి ఉండాలి. ట్యాగులు ఎన్నిసార్లు మార్చినా ధ్వని చెక్కుచెదరదు, ఎందుకంటే ఫ్లాక్‌లో ట్యాగుల భాగం, ధ్వని భాగం వేర్వేరుగా ఉంటాయి.

ఎంపీ3 ఫైళ్లు ఉన్నవారికి ఒక జాగ్రత్త. 1996లో వచ్చిన ఐడీ3 అనే తొలి ట్యాగు పద్ధతిలో ఫైలు చివర 128 బైట్లు (బైటు అంటే కంప్యూటరు నిల్వకు చిన్న కొలత) మాత్రమే కేటాయించారు. అందులో పాట పేరుకు దక్కినవి 30 బైట్లు, అవీ లాటిన్ అక్షరాల కోసమే. తెలుగుకు ఆ చోటు ఎంత ఇరుకో చూడండి. 'వేంకటేశ్వర' అన్న మాట మన కంటికి అయిదు అక్షరాలే. గుణింతాలు, సున్న, ఒత్తు విడివిడిగా లెక్కిస్తే కంప్యూటరుకు అవి 10 సంకేతాలు. అన్ని లిపులనూ కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు చొప్పున, ఆ ఒక్క మాటతోనే 30 బైట్లు నిండిపోతాయి. ఐడీ3 తరువాతి రూపాలలో ఈ ఇబ్బంది లేదు. వాటిలో 2.4 అన్నది కొత్తది, 2.3 అన్నది పాతది. రెండింటిలోనూ తెలుగు రాయవచ్చు గాని, కొన్ని పాత కారు స్టీరియోలు 2.3నే చదువుతాయి. పికార్డ్ ఆప్షన్లలో ఈ ఎంపిక ఉన్నది. అలా మార్చినా అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే, ఆ స్టీరియోలో తెలుగు ఫాంటు లేదని అర్థం. మీ ఫైలులో ఏ దోషమూ లేదు.

ట్యాగులు కుదిరాక ఫైలు పేరును వాటి నుంచే తయారు చేయమని పికార్డ్‌కు చెప్పవచ్చు. మొదట రెండంకెల వరుస సంఖ్య, తరువాత పాట పేరు ఉంచండి. ఒక్క అంకెతో రాస్తే కొన్ని ప్లేయర్లలో 10వ పాట 2వ పాట కన్నా ముందు మోగుతుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 అనే ఫైళ్ల అమరిక ఉన్న డిస్కులో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే తెలుగులో 85 సంకేతాలు. పల్లవి మొత్తాన్ని ఫైలు పేరుగా పెడదామనుకుంటే ఆ హద్దు తగులుతుంది. మొదటి రెండు మూడు మాటలు చాలు, పూర్తి పేరు ట్యాగులో ఉంటుంది.

ఈ వారం అభ్యాసంగా ఒక్క సీడీని మాత్రమే తీసుకోండి. అట్టను పక్కన పెట్టుకొని ప్రతి పాటకూ గాయకులు, సాహిత్యం, స్వరం, రాగం అనే నాలుగు గడులనూ చూసి, అట్ట మీద ఉన్నంతవరకు నింపండి. అట్ట మీద రాగం పేరు లేని పాట ఉంటే, ఇంట్లో సంగీతం తెలిసిన పెద్దవారికి వినిపించి అడగండి; వారు చెప్పినది రాసి, ఎవరు చెప్పారో వ్యాఖ్య గడిలో చేర్చండి. పూర్తయిన ఫోల్డరును ఫోనులోకి ఎక్కించి, వీఎల్‌సీ అనే ప్లేయరులో తెరిచి, పేర్లు తెలుగులో కనిపిస్తున్నాయో లేదో సరిచూడండి. వచ్చే పాఠంలో ఈ ఫోల్డరుకు రెండో నకలును వేరే డిస్కులో ఉంచడం, ఆ రెండూ ఒకటేనని సరిచూసుకోవడం నేర్చుకుందాము. అందుకు ఒక ఖాళీ పెన్‌డ్రైవు సిద్ధం చేసుకోండి.