కెన్యా ఇంటర్న్‌షిప్‌కి బయల్దేరే ముందు: బ్రాడీపేట అక్క చెప్పే మాటలు

మాది గుంటూరు బ్రాడీపేట. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయ్యాక కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము ఊళ్ళో, పిల్లల చదువు కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌గా చేశాను. ఇప్పుడు మా జూనియర్లు అలాంటి ఇంటర్న్‌షిప్‌లకి వెళ్తూ "అక్కా, ఏమేం సర్దుకోవాలి?" అని అడుగుతుంటారు. సర్దుకోవడం ఆఖరి సంగతి. డబ్బిస్తే దొరికేవి పట్నం బజార్లో ఒక్క పూటలో కొనేయొచ్చు. ఇంకొకరి సంతకం, ఇంకొకరి తీరిక కావాల్సిన పనులు ముందు పట్టుకోండి.

మొదటిది అనుమతి. 2024 జనవరి నుంచి కెన్యా వీసా తీసేసి ఇటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. అది చేతికొచ్చిందని ఊరుకోకండి. జీతం లేని సేవే అయినా, ఒక సంస్థలో పనిచేయాలంటే దానికి తగిన పాస్ (అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి) వేరే ఉండాలి. ఏ పాస్ కోసం దరఖాస్తు పెట్టారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అని సంస్థకి మెయిల్ రాసి, వచ్చిన జవాబు ప్రింట్ తీసుకుని దగ్గర పెట్టుకోండి. "టూరిస్టునని చెప్పేయండి, ఎవరూ అడగరు" అని సంస్థ వాళ్ళే అంటే, నేనైతే ఆ సంస్థకి వెళ్ళొద్దనే చెప్తాను. పిల్లల దగ్గరికి వెళ్తూ మొదటి మాటే అబద్ధం ఆడకూడదు. అలాగే పిల్లలతో పని అన్నాక మంచి సంస్థలు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతాయి. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్లో అపాయింట్‌మెంట్ తీసుకుని, అందులో ఎంచుకున్న పాస్‌పోర్ట్ కేంద్రానికి వెళ్ళాలి. పాస్‌పోర్ట్‌లో గుంటూరు ఇల్లు, మీరుండేది హైదరాబాద్ హాస్టల్ అయితే విచారణకి ఇంకాస్త సమయం పడుతుంది, ఆ రోజులు కూడా లెక్కేసుకోండి.

తర్వాత టీకా. ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, వీధి చివర క్లినిక్‌లో దొరకదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తున్నారో ముందే కనుక్కుని, పాస్‌పోర్ట్ పట్టుకుని పొద్దున్నే పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. టీకా వేసిన 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. చెల్లాక మాత్రం జీవితాంతం పనికొస్తుంది. మన దగ్గర్నుంచి నేరుగా వెళ్ళేటప్పుడు అడక్కపోయినా, కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే అడుగుతారు. చూపించలేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఆ సర్టిఫికెట్ ఉండే పసుపుపచ్చ పుస్తకాన్ని పాస్‌పోర్ట్‌కే జత చేసి ఉంచండి.

మలేరియా సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. నైరోబీ ఎత్తైన ఊరు, అక్కడ భయం తక్కువ. కిసుము వైపు చాలా ఎక్కువ. ముందుజాగ్రత్త మాత్రల్లో కొన్ని ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, కొన్ని ఒకటి రెండు రోజుల ముందు చాలు. ఏదైనా తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు వాడాల్సిందే. మీకేది సరిపోతుందో కొత్తపేటలో మీ డాక్టర్నే అడగండి, వెళ్ళొచ్చిన స్నేహితుల్ని కాదు. రోజూ వేసుకునే మందులుంటే చీటీతో సహా, కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించి తీసుకెళ్ళండి.

బ్యాంకు పని ఇక్కడుండగానే తేల్చుకోవాలి. 2020 నుంచి కొత్త కార్డులు మామూలుగా దేశం లోపలే పనిచేసేలా ఇస్తున్నారు. విదేశీ వాడకాన్ని యాప్‌లో మనమే తెరవాలి. ఓటీపీలు వచ్చే సిమ్‌కి రోమింగ్ పెట్టించండి, నెంబరు పోకుండా రీఛార్జ్ బాధ్యత తమ్ముడికో నాన్నకో అప్పగించండి. డాలర్లు తీసుకుంటే కొత్త సిరీస్ నోట్లు, మడతలూ మరకలూ లేనివి అడిగి తీసుకోండి. పాత నోట్లు అక్కడ చాలామంది పుచ్చుకోరు.

ఇక అమ్మ సర్దే సంచి. కిసుముకి రైలు మార్గం 1901లోనే చేరింది. ఆ రోజుల్లో వెళ్ళిన భారతీయుల వారసులు ఇప్పటికీ అక్కడ దుకాణాలు నడుపుతున్నారు. కందిపప్పు, బియ్యం, జీలకర్ర అన్నీ దొరుకుతాయి. చపాతీ కెన్యా వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉంటుంది. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి, మన సంకటి ముద్ద తిన్నవాళ్ళకి కొత్తగా అనిపించదు. అందుకని బియ్యం మూటలు మోయకండి. అక్కడ దొరకనివి మన గుంటూరు కారం, గోంగూర పచ్చడి, కందిపొడి. పచ్చడి గట్టిగా మూత బిగించి, కార్గోలో వేసే పెట్టెలోనే పెట్టండి. ఎండుకొబ్బరి కురిడీలు మాత్రం వద్దు. నూనె ఎక్కువ కాబట్టి తేలిగ్గా అంటుకుంటాయని ఆ పెట్టెలో వేయనివ్వరు. పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, బట్ట సంచులు వాడండి. ప్లగ్గుల రంధ్రాలు మన లాగా గుండ్రంగా ఉండవు, దీర్ఘచతురస్రంగా మూడుంటాయి, అడాప్టర్ కొనుక్కోండి. జూన్ నుంచి ఆగస్టు మధ్య నైరోబీలో దిగితే స్వెట్టర్ కావాలి. ఆఫ్రికా అంటే మండుటెండలే అనుకుని మనవాళ్ళు అది ఇంట్లోనే వదిలేస్తారు.

పెట్టె తూచేటప్పుడు టికెట్లు చూసుకోండి. గన్నవరం నుంచి ముంబైకి ఒక టికెట్, అక్కణ్ణుంచి నైరోబీకి ఇంకో టికెట్ అయితే, మొదటి విమానంలో చాలావాటిల్లో 15 కిలోలే ఉచితం. ముంబైలో పెట్టె తీసుకుని మళ్ళీ అప్పగించాలి, మధ్యలో కనీసం ఆరేడు గంటలు ఉంచుకోండి. గుంటూరు నుంచి బయల్దేరేటప్పుడు వారధి, బెంజ్ సర్కిల్ దగ్గరి ట్రాఫిక్‌కి ఇంకో గంట కలుపుకోండి.

ముందురోజు రాత్రి పాస్‌పోర్ట్, పాస్, టికెట్లు, బీమా, సంస్థ చిరునామా, మిమ్మల్ని దించుకునేవాళ్ళ ఫోన్ నెంబరు కాగితం మీద రెండు సెట్లు తీయండి. ఒకటి చేతిసంచిలో, ఒకటి ఇంట్లో. కెన్యా టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ మీరు పని ముగించి సాయంత్రం 6కి కూర్చునేసరికి ఇక్కడ ఎనిమిదిన్నర, అమ్మ భోజనాల హడావుడిలో ఉంటుంది. ఫోన్ చేసే వేళ ఇద్దరూ ముందే అనుకోండి. దిగిన రోజు ఫోన్ రాకపోతే అమ్మ రాత్రంతా నిద్రపోదు కాబట్టి, పాస్‌పోర్ట్ చూపించి సిమ్ కొనేదాకా ఎయిర్‌పోర్ట్ వైఫై నుంచి ‘దిగాను’ అని మెసేజ్ పెడతానని చెప్పి వెళ్ళండి.