శరీరంలో దిక్కులు, 5వ పాఠం: ప్రాక్సిమల్, డిస్టల్

పోయిన పాఠంలో మీడియల్, లాటరల్ చూసినాం కదా, నడిమి గీతకు దగ్గరుంటే మీడియల్, పక్కకు జరిగితే లాటరల్ అని. ఈసారి ప్రాక్సిమల్, డిస్టల్. అసలు ఈ పాఠాలు మొదలుపెట్టిందే ఈ రెండు మాటల కోసం, ఎందుకంటే తెలుగు మీడియంలో చదివి నర్సింగ్‌లోనో ల్యాబ్‌లోనో ఎక్స్‌రే కోర్సులోనో చేరిన పిల్లలు ఎక్కువ తడబడేది ఇక్కడే. ప్రాక్సిమల్ అంటే పైన, డిస్టల్ అంటే కింద అని బట్టీ పట్టేస్తారు, చాలాసార్లు జవాబు కరెక్ట్‌గానే వస్తుంది కూడా, అందుకే ఆ తప్పు లోపల అట్లే ఉండిపోతుంది.

పైనా కిందా వదిలేయండి. మొదలు, కొస అనుకోండి. చెట్టు కొమ్మ ఉంది, మానుకు అతుక్కున్న చోటు మొదలు, ఆకులుండేది కొస. కొమ్మ పైకి పోయినా, అడ్డంగా పోయినా, నేలకు వంగినా మొదలు మొదలే. చేయి కూడా అంతే, భుజం దగ్గర మొండేనికి అతుక్కుంటుంది కాబట్టి భుజం వైపు ప్రాక్సిమల్, వేళ్ళ వైపు డిస్టల్. కాలికి తుంటి మొదలు, కాలివేళ్ళు కొస. లాటిన్‌లో ప్రాక్సిమస్ అంటే అన్నిటికంటే దగ్గరిది అని అర్థం, డిస్టల్ అనేది డిస్టెంట్ లోంచి కట్టిన మాట.

మా కడపలో పిల్లలకు నేను కేసీ కాలువ పెట్టి చెప్తాను. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు పట్టుకుని కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు నంద్యాల ప్రాక్సిమలా డిస్టలా? కర్నూలుతో పోలిస్తే డిస్టల్, కడపతో పోలిస్తే ప్రాక్సిమల్. ఊరు అదే, పేరు మారింది. అందుకే ఉత్తగా మోచేయి డిస్టల్ అని రాస్తే అది సగం వాక్యమే, దేనికి డిస్టల్ అనేది చెప్పాల్సిందే: మోచేయి భుజానికి డిస్టల్, మణికట్టుకు ప్రాక్సిమల్.

కాలువ ఇంకొకటి కూడా నేర్పిస్తుంది. మధ్యలో గండి పడితే ఎండేది యాడ? గండికి ఇవతల కొస వైపు పొలాలు, చివరి ఆయకట్టు రైతుకు తెలిసినంతగా ఇది ఇంకెవరికీ తెలీదు. చేయి విరిగి పిండికట్టు వేసినప్పుడు మనం చూసేది కూడా కొసనే. వేళ్ళు చల్లబడినాయా, తెల్లగానో నీలంగానో అయినాయా, తిమ్మిరి ఉందా, కదిలించగలుగుతున్నారా, గోరు నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలో తిరిగొస్తుందా. డిస్టల్ పల్స్ చూడు అని డాక్టర్ అంటే అర్థం ఇదే, దెబ్బ దాటి కొస వైపు నాడి ఆడుతోందా అని. కట్టు బిగుసుకుని వేళ్ళు చల్లబడితే తెల్లారిందాకా ఆగకుండా వెంటనే చెప్పాలి, దయచేసి ఇది మాత్రం మర్చిపోవద్దు.

నేను చదువుకునే రోజుల్లో జరిగింది ఒకటి చెప్తాను. ఒక పెద్దామె చేయి బాగా వాచి ఉంటే సెలైన్ స్టాండుకు గుడ్డ కట్టి పైకి వేలాడదీసినారు. ముంజేతి మీద, మణికట్టుకు రెండు వేళ్ళ దూరంలో చిన్న గాయం. చేయి పైకి ఉంది కాబట్టి నా కంటికి గాయం మణికట్టు కింద కనపడింది, కింద అంటే డిస్టల్ అనుకుని మణికట్టుకు డిస్టల్ అని రాసేసినాను. రాత్రి డ్యూటీ సిస్టర్ అది చదివి అరచేతి కట్టంతా విప్పి వెతికినారు, పాపం పెద్దామెకు ఉత్తపుణ్యానికి నొప్పి. పొద్దున పిలిచి "ఏం పాపా, గాయం అరచేతిలో ఉందా?" అని ఒక్క మాటే అడిగినారు. మనిషి ఎట్ల పడుకున్నా, చేయి ఎట్ల పెట్టుకున్నా భుజం మొదలు మారదు అని నాకు ఎక్కింది ఆరోజే.

రిపోర్టుల్లో మీకు ఎక్కువ కనపడేది డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్. తడిసిన కడప బండల మీద కాలు జారితే అందరం చేయి ముందుకు చాపి పడతాం, బరువంతా అరచేతి మీద పడి ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక, అదే రేడియస్, మణికట్టు దగ్గర విరుగుతుంది. దీంట్లో ఒక రకాన్ని కోలీస్ ఫ్రాక్చర్ అంటారు, డబ్లిన్ డాక్టర్ అబ్రహం కోలీస్ 1814లో రాసినాడు, ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో, అంటే చేత్తో తడిమి, కంటితో చూసి అంత కచ్చితంగా చెప్పినాడన్నమాట.

వేళ్ళకు ఇది ఇంకా సులువు. ప్రతి వేలికీ మూడు ఎముకలు, ప్రాక్సిమల్, మిడిల్, డిస్టల్ ఫాలాంక్స్, గోరుండేది డిస్టల్ మీద. బొటనవేలికి మిడిల్ లేదు, కాబట్టి చేతికి మొత్తం 14.

క్యాన్యులా, అంటే సెలైన్, మందులు ఎక్కించడానికి రక్తనాళంలో పెట్టే సన్న గొట్టం, పెట్టేటప్పుడు కొస నుంచి మొదలుపెట్టమంటారు. ముందే మోచేతి దగ్గర రక్తనాళం పొడిచి పాడైపోతే, తర్వాత దానికి డిస్టల్‌గా పెట్టి ఎక్కించిన మందు ఆ పైన పొడిచిన చోట బయటికి కారొచ్చు. అందుకే డిస్టల్ నుంచి ప్రాక్సిమల్‌కు పోతాం.

చేతులు కాళ్ళు దాటితే మొదలు ఏదో ముందు తేల్చుకోవాలి. రక్తనాళానికి గుండె వైపు మొదలు, పేగుకు నోటి వైపు. కిడ్నీలో వడపోత జరిగే చోటికి దగ్గర గొట్టం ప్రాక్సిమల్, ఆ తర్వాత వచ్చేది డిస్టల్. పళ్ళకు నడిమి గీత నుంచి దవడ వెంబడి వెనక్కి పోయేకొద్దీ డిస్టల్, జ్ఞానదంతం అన్నిటికంటే డిస్టల్, కానీ అక్కడ ఎదురు మాట ప్రాక్సిమల్ కాదు, మీసియల్. తలకు, మొండేనికి మాత్రం మనం 3వ పాఠంలో నేర్చుకున్న సుపీరియర్ (తల వైపు), ఇన్ఫీరియర్ (పాదాల వైపు) వాడండి.

ఇక మీ పని. ఒక చేతి మీద పెన్నుతో చుక్క పెట్టుకుని, చేయి కిందికి వదిలి ఒకసారి, నెత్తి మీద పెట్టుకుని ఒకసారి, అది మోచేతికి ప్రాక్సిమలా డిస్టలా రాయండి, రెండు జవాబులూ ఒకటే రావాలి. మోకాలు చీలమండకు ఏమవుతుంది? చివరిగా కొంచెం కష్టమైంది: పెద్దపేగు కుడివైపు కింద మొదలై కాలేయం దాకా పైకి ఎక్కుతుంది కదా, ఆ ఎక్కే ముక్కలో పైన ఉన్నది ప్రాక్సిమలా డిస్టలా? రాసి పెట్టుకోండి, 6వ పాఠం దీంతోనే మొదలుపెడతాం.