బ్రేకులు మార్చే ముందు: మాస్టర్ సిలిండర్ జాగ్రత్తలు

మాస్టర్ సిలిండర్ అంటే పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి తోసే భాగం. ముందు పాత సిలిండర్ బోరు (లోపలి రంధ్రం వ్యాసం) సైజు చూడండి. చాలావాటికి బాడీ మీదే పోతపోసి ఉంటుంది. 19.05 మి.మీ. తీసి 22.2 పెడితే వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. పెడల్ గట్టిగా, పైనే పడుతుంది గానీ అదే కాలి బలానికి ప్రెషర్ పావు వంతుకు పైగా పడిపోతుంది. "పెద్దదైతే మంచిదే సార్" అన్న షాపు మాట వినొద్దు. కాలిపర్ (చక్రం దగ్గర డిస్క్‌ను పట్టే భాగం) పిస్టన్లు పెద్దవి చేసి సిలిండర్ పాతదే ఉంచినా తిప్పలే, పెడల్ లోతుకు దిగుతుంది.

పెడల్ బలాన్ని సిలిండర్‌లోకి తోసే పుష్ రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య సన్నని సందు ఉండాలి. లేకుంటే బ్రేక్ ఆయిల్ దాని ట్యాంకులోకి తిరిగి రాదు, చక్రాలు పట్టేసి కాలిన వాసన వస్తుంది.

పైపు నట్లు: ఎం10 (10 మి.మీ. మర), 3/8 అంగుళం చూపుకు ఒకటే, మరలు వేరు. చేత్తో రెండు చుట్లు తిరగనిదే స్పానర్ పెట్టొద్దు.

డాట్ 4 బ్రేక్ ఆయిల్‌లో డాట్ 5 సిలికాన్ కలపొద్దు. డాట్ 5.1 వేరు, అది సిలికాన్ కాదు.

బ్లీడింగ్ (పైపుల్లోని గాలి తీసేయడం) అయ్యాక పెడల్ నిమిషం నొక్కి పట్టండి. మెల్లగా కిందికి జారిందా, బండిని జడ్చర్ల హైవే ఎక్కించొద్దు.