సోల్డరింగ్ ఐరన్ కొంటున్నారా? ముందు ఎర్త్ చూడండి

మొన్నటి వానల్లో మా వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు తడి గచ్చు మీద చెప్పులు లేకుండా కూర్చుని సర్క్యూట్ బోర్డుకు సోల్డరింగ్ ఐరన్‌తో టంకం వేస్తూ షాక్ తిన్నాడు. చెయ్యి విదిలించుకోగలిగాడు కనుక బతికాడు. ఆ ఐరన్ ప్లగ్ విప్పి చూశాను. పిన్నులు మూడూ ఉన్నాయి గాని, పైనుండే లావుపాటి ఎర్త్ పిన్నుకు తీగే లేదు. కేబుల్లో ఉన్నవి రెండే తీగలు. వేడి బిట్టును, అంటే టంకం కరిగించే మొనను, ముట్టుకోవద్దని ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎర్త్ సంగతి మాత్రం చెప్పాల్సిందే.

మామూలు ఐరన్‌లో వేడెక్కే నైక్రోమ్ తీగ చుట్టకూ లోహపు గొట్టానికీ మధ్య ఉండేది పలుచని అభ్రకపు పొర మాత్రమే. అది చిట్లినా, చెమ్మ పీల్చినా 230 వోల్టులు బిట్టు దాకా వస్తాయి. ఎర్త్ ఉంటే ఆ కరెంటు తీగ వెంట పోయి ఫ్యూజు కొట్టేస్తుంది, లేకపోతే మీ ఒళ్లే దానికి దారి. పొర పూర్తిగా పాడవకపోయినా, బిట్టు మీదికి లీకయ్యే కాస్త వోల్టేజీకే బోర్డు మీది మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) గేటు కాలు దెబ్బతినవచ్చు. మనం మాత్రం పార్టు నకిలీదని కొట్టువాడిని తిడతాం.

అందుకే కొట్లోనే మల్టీమీటరు అడగండి. ఐరన్‌కు కరెంటు ఇవ్వకుండా ఎర్త్ పిన్నుకూ బిట్టుకూ మధ్య కొలిస్తే ఒకటి రెండు ఓమ్‌లకు మించకూడదు. సన్న పిన్నులకూ బిట్టుకూ మధ్య అసలు కనెక్షనే చూపకూడదు. ఇంట్లో సాకెట్టు మూడో రంధ్రం వెనుక తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

చిన్న పార్టులకు 25 వాట్లది చాలు. తీగలు అతికే 60 వాట్లదాన్ని వేడి అదుపు లేకుండా వాడితే బోర్డు మీది రాగి ప్యాడ్లు లేచిపోతాయి. డబ్బు కుదిరితే ఉష్ణోగ్రత అదుపు ఉన్న స్టేషనే కొనండి: 60/40 టంకం (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 190 డిగ్రీల లోపే కరుగుతుంది గనుక బిట్టును 320-350 దగ్గర ఉంచితే చాలు. సూది మొన బిట్టు సన్న పనికి మేలనిపిస్తుంది గాని వేడిని సరిగా అందించలేదు, సన్నటి ఉలి మొనది తీసుకోండి.

టంకం తీగ 0.8 మిల్లీమీటర్లకు మించి లావు వద్దు. టంకం బాగా అతకడానికి వాడే ఫ్లక్స్‌లో రోజిన్‌ది తప్ప మరేదీ వద్దు. పైపులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ బోర్డును తినేస్తుంది. బిట్టును ఆకురాయితో రుద్దకండి, పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగి కరిగిపోతుంది. బరువైన స్టాండు లేకుండా ఐరన్ కొనకండి. 60/40 టంకంలో సీసం ఉంటుంది, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. పార్టుల కాళ్లు కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. పవర్ సప్లై బోర్డులోని పెద్ద కెపాసిటరు ప్లగ్ తీశాక కూడా 300 వోల్టులకు పైగా పట్టి ఉంచగలదు, కొలవకుండా ముట్టుకోకండి. చెప్పులు వేసుకోండి. మూడో పిన్ను విరిచి రెండు రంధ్రాల సాకెట్టులో దూర్చకండి. ఎర్త్ లేని ఐరన్ ఇప్పటికే ఇంట్లో ఉంటే ఎవరికీ ఇవ్వకండి, కేబుల్ కత్తిరించి పారేయండి.