అమ్మేసిన కారుకు టోల్ బాకీ: కలెక్షన్ నోటీసు ఇలా వదిలింది

కాలిఫోర్నియాలో కారు అమ్మేశాక, టోల్ బాకీ కట్టమని కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసే సంస్థ) నోటీసు. అక్కడ మామూలు నంబర్ ప్లేటు కారుతోనే పోతుంది, బిల్లేమో పాత ఓనరునైన నాకొచ్చింది. ఏజెన్సీకి ఫోన్లు, టోల్ ఆఫీసుకు మెయిళ్లు, కొన్నాయన్ని బతిమాలడం... ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఉత్తరం. నోటీసు అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది: 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్తే బాకీకి రుజువు పంపుతామని. ముందు, అమ్మిన రోజే డీఎంవీకి (అక్కడి వాహన రిజిస్ట్రేషన్ శాఖ) పంపిన రిలీజ్ ఆఫ్ లయబిలిటీ, అంటే కారు అమ్మేశానని తెలిపే ఫారం, ప్రింటు తీశాను. అందులో అమ్మిన తేదీకి, బిల్లులో టోల్ దాటిన తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. "ఈ బాకీ నాది కాదు" అని రాసి, అమ్మకం కాగితం జతచేసి, సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది) పంపాను. టోల్ ఆఫీసుకూ ఒక కాపీ. ఖాతా మూసేశామని జవాబొచ్చాకే టెన్షన్ తగ్గింది.

ఆ ఫారం వేయనివాళ్లకు ఇంత తేలిగ్గా తెగకపోవచ్చు. ప్లేటు ఓనరు దగ్గరే ఉండే రాష్ట్రాల్లో దారి వేరే కావచ్చు.