పాత వెబ్‌క్యామ్‌తో దగ్గరి వస్తువులను పెద్దగా చూడటం ఎలా?

వానాకాలం నాట్లు దగ్గరపడే కొద్దీ మా నల్లగొండలో బోరు మోటారు స్టార్టర్లు రిపేరుకు వచ్చి పడతాయి. చాలావాటిలో తప్పు ఒకటే: సర్క్యూట్ కార్డు మీద రిలే (కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) కాళ్ల చుట్టూ టంకం వెంట్రుకంత పగిలి ఉంటుంది. భూతద్దంతో అదేపనిగా చూస్తే మెడ పట్టేస్తుంది. మూలన పడేసిన చవక వెబ్‌క్యామ్ ఉంటే చాలు, ఆ పగులు కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది.

ముందు క్యామ్ రకం చూడండి. ముందున్న రింగు చేత్తో తిరిగితే విప్పే పనే లేదు. ఆటోఫోకస్‌దైతే వదిలేయండి, లోపలి సన్నని కాయిల్ తెగితే ఇక పనికిరాదు. మనకు కావలసింది ఫిక్స్‌డ్ ఫోకస్‌ది, అంటే లెన్స్ ఒకేచోట బిగించి ఉన్నది.

యూఎస్‌బీ తీసి, స్క్రూలు విప్పండి. కనబడకపోతే స్టిక్కర్ కింద వెతకండి. లెన్స్ కదలకుండా చాలావాటికి ఒక చుక్క గమ్ వేసి ఉంటుంది. పట్టకారుతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ హోల్డరే ఊడిపోవచ్చు. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి, బ్లేడు మొనతో గమ్ గీకేయండి.

లెన్స్‌ను పూర్తిగా ఊడదీయకండి. నేను మొదటిసారి కూలర్ ముందు కూర్చుని ఆ పనే చేశాను. సెన్సర్ (లెన్స్ వెనక బొమ్మ పట్టే చిప్పు) మీద పడ్డ దుమ్ము ఇప్పటికీ ప్రతి బొమ్మలో నల్లచుక్కై కూర్చుంది.

ఎంత తిప్పాలి? లెన్స్ సెన్సర్‌కు దూరం జరిగే కొద్దీ దగ్గరి వస్తువు స్పష్టమవుతుంది. 4 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (దూరపు వస్తువు స్పష్టంగా పడేందుకు లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య ఉండాల్సిన దూరం) ఉన్న లెన్స్‌కు 5 సెం.మీ. దూరంలోని వస్తువు కనిపించాలంటే దాదాపు 0.35 మి.మీ. జరిగితే సరి. 12 మి.మీ. వ్యాసం మర ఉన్న లెన్స్‌లకు సాధారణంగా ఒక చుట్టుకు 0.5 మి.మీ. జరుగుతుంది కాబట్టి ముప్పావు చుట్టు కూడా అక్కర్లేదు. 2 సెం.మీ.కైతే 1 మి.మీ., అంటే రెండు చుట్లు. కానీ అంత దగ్గరైతే సోల్డరింగ్ ఐరన్ పట్టదు, పొగ లెన్స్‌కు అంటుతుంది. పని చేస్తూ చూడాలంటే 8 సెం.మీ. ఎడం మంచిది.

కెమెరా ఆన్ చేసి, కింద స్టీలు స్కేలు పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పుతూ మి.మీ. గీతలు పదునుగా కనిపించే చోట ఆపండి. ఆ తర్వాత లెన్స్ ముట్టుకోవద్దు. దగ్గరి ఫోకస్‌లో ఒక పలుచని పొర మాత్రమే స్పష్టంగా ఉంటుంది, కాబట్టి క్యామ్‌ను ఒక స్టాండుకు బిగించి, ఆ స్టాండునే పైకీ కిందికీ జరపాలి.

వెలుతురు సరిగా లేకపోతే ఇంత చేసినా దండగే. పైనుంచి వేస్తే క్యామ్ నీడే పడుతుంది. రెండు చిన్న ఎల్‌ఈడీ దీపాలు పక్కల నుంచి, కిందుగా పెట్టండి. అప్పుడు పగులు తన నీడతోనే దొరికిపోతుంది. టంకం మరీ మెరుస్తుంటే దీపానికి ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టండి.

పని లేనప్పుడు పోచంపల్లి ఇక్కత్ చీరను కింద పెట్టి చూడండి. నూలుకు ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు మసకగానే ఉంటాయి. ఫోకస్ తప్పిందనుకుని మళ్లీ లెన్స్ తిప్పేరు!